డేటాబేస్ అప్లికేషన్లలో లైబ్రరీ రెఫరెన్స్ దోషాలు

డేటాబేస్‌తో పనిచేసే ప్రోగ్రాము ఏదీ తన పనంతా తానే చేసుకోదు. పట్టికలోంచి ఒక వరుస తేవాలన్నా, తెరమీద తేదీ పెట్టె చూపాలన్నా, రసీదు ప్రింటు తీయాలన్నా అంతకుముందే ఎవరో రాసిపెట్టిన కోడును పిలుస్తుంది. అలాంటి కోడు కట్టను లైబ్రరీ అంటారు. ఫలానా లైబ్రరీ, ఫలానా వెర్షన్ కావాలని ప్రాజెక్టులో రాసుకున్న చిరునామా రెఫరెన్స్. ప్రోగ్రామును బిల్డ్ చేసేటప్పుడు ఆ చిరునామాలో సరుకు లేకపోయినా, ఒకటి అడిగితే మరొకటి ఉన్నా, ఉన్నదాన్ని చదవలేకపోయినా రెఫరెన్స్ దోషం వస్తుంది. కోడులో ఒక్క అక్షరం మార్చకపోయినా వస్తుంది. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము కంప్యూటర్ మార్చగానే ఆగిపోతే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఇది మూడు చోట్ల బయటపడుతుంది. కంపైలర్‌కు పేరే తెలియకపోవడం మొదటిది. పేరు తెలిసినా, దాని వెనుక ఉండాల్సిన కోడు లింకర్‌కు దొరకకపోవడం రెండోది. బిల్డ్ సజావుగా ముగిసి, తయారైన ప్రోగ్రాము వేరే కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం మూడోది. సందేశాలు దాదాపు ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం వేరు. మూడోదానికి మొదటిదాని మందు వేసి రోజులు పోగొట్టుకునేవారే ఎక్కువ.

పుట్టుక

కేంబ్రిడ్జిలో 1949లో పని మొదలుపెట్టిన ఎడ్సాక్ కంప్యూటర్ దగ్గర లైబ్రరీ అంటే కాగితపు టేపులు పెట్టిన బీరువా. లెక్కకు కావలసిన ఉపప్రోగ్రాము టేపును తీసి, దాని రంధ్రాలను తమ టేపు మీదికి నకలు చేసుకునేవారు. విల్క్స్, వీలర్, గిల్ కలిసి 1951లో వెలువరించిన పుస్తకం ఈ పద్ధతినే వివరించింది. నకలు సొంత టేపులోనే ఉంటుంది కనుక ప్రోగ్రాము నడిచేవేళ ఏదీ తప్పిపోయే అవకాశం లేదు. డిస్కు, మెమరీ ఆదా కోసం ఒకే లైబ్రరీని అనేక ప్రోగ్రాములు పంచుకోవడం వచ్చాక ఇబ్బంది మొదలైంది. విండోస్‌లో డీఎల్ఎల్ ఫైళ్లు ఆ పంపకానికి సాధనాలు. 1993లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కామ్ పద్ధతిలో ఫైలు పేరుకు బదులు 128 బిట్ల గుర్తింపు సంఖ్యతో లైబ్రరీని పిలవడం మొదలైంది. ఆ సంఖ్యకు ఏ ఫైలు జవాబు చెప్పాలో విండోస్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఫైలు ఉండి నమోదు లేకపోయినా, నమోదు ఉండి ఫైలు చెరిగిపోయినా ఫలితం ఒకటే.

ధర్మకాంటా గదిలో

నిజామాబాద్ జిల్లాలో ఈ దోషాన్ని దగ్గరగా చూడాలంటే సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోనక్కర్లేదు, ధర్మకాంటా గది చాలు. 2016లో ఏర్పడిన మెండోర మండలంలో, శ్రీరాంసాగర్ ఆనకట్ట ఉన్న పోచంపాడు చుట్టుపక్కల, వడ్లు, మక్కలు, పసుపు, ఎర్రజొన్న ఏది పండినా ట్రాక్టరో లారీయో ఎక్కి కాంటా మీదికి రావాల్సిందే. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడేదాకా చెరకు బండ్లదీ అదే వరస: నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, రెంటి తేడా. ఆ తేడాను చేత్తో కాకుండా కంప్యూటర్‌తో తీసి చీటీ ఇచ్చే ప్రోగ్రాములు చాలాచోట్ల విజువల్ బేసిక్ 6లో రాసినవి. 1998లో వచ్చిన ఆ భాషకు మైక్రోసాఫ్ట్ అధికారిక మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ముగిసింది. కాంటాలు మాత్రం ఆగలేదు.

అలాంటి ప్రోగ్రాము నిర్మాణం చిన్నదే. కాంటా కింద లోడ్‌సెల్స్, గదిలో ఎర్రంకెల ఇండికేటర్, దాని వెనుక నుంచి కంప్యూటర్‌కు ఒక సీరియల్ కేబుల్. కేబుల్ మీద వచ్చే అంకెలను చదవడానికి ఎంఎస్‌కామ్32.ఓసీఎక్స్ అనే కంట్రోల్, బండి నంబరు, సరుకు, తూకం దాచడానికి యాక్సెస్ ఫైలు, ఆ ఫైలును తెరవడానికి ఏడీఓ లైబ్రరీ, చీటీ ముద్రణకు క్రిస్టల్ రిపోర్ట్స్. పాత కంప్యూటర్ పాడై, దాని స్థానంలో విండోస్ 11 ఉన్న కొత్తది వస్తుంది. విండోస్ 11 కేవలం 64 బిట్లది. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములు నడవడానికి కావలసిన మూల ఫైలు అందులో ఇప్పటికీ ఉంది, ఏడీఓ కూడా ఉంది. ఎంఎస్‌కామ్ మాత్రం విండోస్‌తో రాదు. అందుకే ప్రోగ్రాము ఐకాన్ మీద నొక్కగానే, ఫలానా ఓసీఎక్స్ గానీ దాని ఆధారాల్లో ఒకటి గానీ సరిగా నమోదు కాలేదని పెట్టె వస్తుంది.

ఇక్కడ చేయవలసిన పని చిన్నది, తప్పులకు తావు మాత్రం పెద్దది. ఓసీఎక్స్ 32 బిట్ల ఫైలు. 64 బిట్ల విండోస్‌లో దాన్ని పెట్టవలసిన ఫోల్డరు సిస్‌వావ్64. పేరులో 32 ఉన్న సిస్టమ్32 ఫోల్డరులో ఉండేవి 64 బిట్ల ఫైళ్లు! ఈ తలకిందుల పేర్లు ఎవరు పెట్టారో గానీ ఇరవై ఏళ్లుగా జనాన్ని తిప్పుతున్నాయి. ఫైలు పెట్టాక, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచి, అదే సిస్‌వావ్64లో ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32తో నమోదు చేయాలి. హక్కులు లేకుండా చేస్తే 8002801సీ అనే కోడు చూపి ఆగుతుంది. ఫైలు పాడైందనుకుని ఇంకో నకలు తెచ్చుకుంటారు కొందరు. నిజానికి అది రిజిస్ట్రీలో రాసే హక్కు లేదని చెప్పే కోడు.

ఇదంతా తయారైన ప్రోగ్రామును నడిపించడానికి. అదే ప్రోగ్రామును మార్చి మళ్లీ బిల్డ్ చేయాలంటే కథ వేరు. చీటీ మీద కొత్త గడి చేర్చమని కాంటా యజమాని అడిగాడనుకుందాం. నమోదైన ఓసీఎక్స్ ఉన్నా, దాన్ని ఫారం మీద వాడుకునే డిజైన్ లైసెన్సు వేరుగా ఉండాలి, అది విజువల్ బేసిక్ 6ను ఇన్‌స్టాల్ చేసినప్పుడు రిజిస్ట్రీలోకి వస్తుంది. లైసెన్సు సమాచారం దొరకలేదన్న సందేశానికి ఓసీఎక్స్‌ను పదిసార్లు నమోదు చేసినా ప్రయోజనం లేదు.

ఇంకా పెద్ద ప్రమాదం ప్రాజెక్టును తెరవడంలోనే ఉంది. కంట్రోల్ దొరకనప్పుడు విజువల్ బేసిక్, ప్రాజెక్టును లోడు చేయడం కొనసాగించాలా అని అడుగుతుంది. అవునంటే, ఫారం మీద ఆ కంట్రోల్ ఉన్నచోట ఒక ఖాళీ పిక్చర్‌బాక్స్ పెట్టి, ఏం మార్చిందో ఫారం పేరుతోనే ఉన్న లాగ్ ఫైలులో రాస్తుంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే అసలు కంట్రోల్ తాలూకు అమరికలు, పోర్టు నంబరు, వేగం అన్నీ పోతాయి. కాబట్టి జవాబు 'వద్దు' అనే. ముందుగా ప్రాజెక్టు ఫోల్డరును నకలు తీసి పెట్టుకుని, తర్వాత ప్రాజెక్టు వివరాలుండే వీబీపీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. అది మామూలు పాఠ్యమే. రెఫరెన్స్ అని మొదలయ్యే ప్రతి వరుసలో గుర్తింపు సంఖ్య, వెర్షన్, ఒకప్పుడు ఫైలు ఉన్న దారి, లైబ్రరీ పూర్తి పేరు వరుసగా ఉంటాయి. ఆబ్జెక్ట్ అని మొదలయ్యేవి కంట్రోళ్లు. రాసినవాడు ఊళ్లో లేకపోయినా అతను ఏమేమి వాడాడో ఆ పది పదిహేను వరుసలు చెప్పేస్తాయి. ఏ మరమ్మతుకైనా మొదటి మెట్టు అక్కడే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సందేశం పెట్టెలో కనబడేది ఒక్క పేరే, జాబితాలో కనబడేది మొత్తం అవసరం.

అన్నీ సరిచేశాక కూడా అంకెలు రాకపోతే అది రెఫరెన్స్ దోషం కాదు. చాలా కొత్త కంప్యూటర్లకు సీరియల్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ మార్పిడి కేబుల్ వాడతారు. విండోస్ దానికి ఒక్కోసారి 17కో 20కో పోర్టు నంబరు ఇస్తుంది. ఎంఎస్‌కామ్ 16 వరకే లెక్కిస్తుంది. డివైస్ మేనేజర్‌లో నంబరు తగ్గిస్తే సరిపోతుంది.

యాక్సెస్: వేలు ఒకచోట, నొప్పి ఒకచోట

1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో దోషం చూపించే తీరు తెలియనివారిని పూర్తిగా పక్కదారి పట్టిస్తుంది. 'కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ' అని చెప్పి, కోడులో డేట్, లెఫ్ట్, ట్రిమ్, ఫార్మాట్ వంటి పుట్టుకతో ఉన్న ఫంక్షన్ మీద రంగు పూస్తుంది. ఆ ఫంక్షన్ ఎక్కడికీ పోలేదు. పేరు కనబడగానే యాక్సెస్ రెఫరెన్స్‌ల జాబితాను పైనుంచి కిందికి వెతుకుతుంది, మధ్యలో విరిగిన రెఫరెన్స్ ఒకటి ఉంటే మామూలు పేర్లు కూడా తేలవు. కోడు కిటికీలో టూల్స్ మెనూ కింద రెఫరెన్సెస్ తెరిస్తే 'మిస్సింగ్' అన్న ముద్రతో అసలు దోషి కనబడుతుంది. అది వాడుకలో లేనిదైతే టిక్కు తీసేయాలి. వాడుకలో ఉంటే సరైన వెర్షన్‌ను ఎంచుకోవాలి.

ఎక్కువగా విరిగేది ఎక్సెల్, అవుట్‌లుక్ రెఫరెన్సే. కొత్త ఆఫీస్ ఉన్న కంప్యూటర్‌లో ఫైలును తెరిస్తే రెఫరెన్స్ తనంతట తానే పై వెర్షన్‌కు మారుతుంది. అదే ఫైలు తిరిగి పాత ఆఫీస్ ఉన్న కంప్యూటర్‌కు వెళితే కిందికి దిగదు. పదిమంది ఒకే యాక్సెస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తిప్పుకునే ఆఫీసుల్లో నెలకోసారి వచ్చే తంటా ఇది. దీనికి శాశ్వతమైన మందు లేట్ బైండింగ్: రెఫరెన్స్ పెట్టకుండా, నడిచేవేళ క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో ఎక్సెల్‌ను పేరుతో పిలవడం. రాసేటప్పుడు సూచనలు రావు, స్థిరాంకాల పేర్లకు బదులు అంకెలు రాసుకోవాలి. వెర్షన్ గొడవ మాత్రం పోతుంది. ఎక్సెల్, వర్డ్ వంటి వాటికి లేట్ బైండింగ్, డేటాబేస్ లైబ్రరీకి రెఫరెన్స్ అన్నది మంచి విభజన.

డేటాబేస్‌ను తెరిచే రెండు లైబ్రరీలైన డీఏఓ, ఏడీఓల గొడవ ఇంకో తరహా. రెండింటిలోనూ రికార్డ్‌సెట్ అనే వస్తువు ఉంది, జాబితాలో ఏది పైనుంటే అదే వస్తుంది. యాక్సెస్ 2000, 2002 వెర్షన్లు కొత్త ఫైళ్లకు డీఏఓ బదులు ఏడీఓ రెఫరెన్స్ పెట్టేవి. పాత పుస్తకంలోని కోడు అందులో పెడితే డేటాబేస్ అన్న రకమే తెలియదని ఆగేది. పేరు ముందు లైబ్రరీ పేరు చేర్చి డీఏఓ.రికార్డ్‌సెట్ అని పూర్తిగా రాసే అలవాటు ఉంటే ఈ సందిగ్ధం ఉండదు.

కొన్నిసార్లు తప్పు మైక్రోసాఫ్ట్‌దే. 2011లో వచ్చిన విండోస్ 7 మొదటి సర్వీస్ ప్యాక్‌లో ఏడీఓ టైప్ లైబ్రరీని మార్చారు. ఆ కంప్యూటర్‌లో మళ్లీ కంపైల్ చేసిన ప్రోగ్రాములు ఎక్స్‌పీ మీదా, సర్వీస్ ప్యాక్ లేని విండోస్ 7 మీదా నడవడం మానేశాయి. కోడు అదే, బిల్డ్ చేసిన చోటు మారిందంతే. 2012 ఏప్రిల్‌లో భద్రతా సవరణ ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్‌ను మార్చినప్పుడు కూడా దాని మీద ఆధారపడిన ఫారాలు తెరుచుకోక, ఆ ఫైలును మళ్లీ నమోదు చేయాల్సి వచ్చింది.

డాట్‌నెట్

2002లో వచ్చిన డాట్‌నెట్ రిజిస్ట్రీ బాధను చాలావరకు తీర్చింది. లైబ్రరీ ఫైలు ప్రోగ్రాము పక్కనే ఉంటే చాలు. బదులుగా కొత్త సందేశం వాడుకలోకి వచ్చింది: టైపు లేదా నేమ్‌స్పేస్ దొరకలేదు, అసెంబ్లీ రెఫరెన్స్ మరచిపోయారా అని అడిగే సీఎస్0246. నుగెట్ ప్యాకేజీలు వచ్చాక దీనికి తరచు కారణం ఒకటే. ప్రాజెక్టును ఒకచోట నుంచి మరోచోటికి నకలు చేస్తారు, ప్యాకేజీల ఫోల్డరు రాదు. ఇంటర్నెట్ ఉంటే రిస్టోర్ చేస్తే తీరిపోతుంది. రెఫరెన్స్ పక్కన పసుపు త్రికోణం కనబడితే దాని ప్రాపర్టీస్‌లో దారి ఎటు చూపుతోందో చూడాలి. అది చాలాసార్లు రాసినవారి సొంత డెస్క్‌టాప్ వైపే చూపుతూ ఉంటుంది.

రెఫరెన్స్ కళ్లెదుట ఉన్నా దొరకలేదనే సందర్భమూ ఉంది. డాట్‌నెట్ 4లో క్లయింట్ ప్రొఫైల్ అనే కుదించిన రకాన్ని లక్ష్యంగా పెట్టుకున్న ప్రాజెక్టుకు, పూర్తి ఫ్రేమ్‌వర్క్ అవసరమైన లైబ్రరీని చేరిస్తే బిల్డ్‌లో నేమ్‌స్పేస్ లేదని వస్తుంది. ప్రాజెక్టు లక్ష్యాన్ని పూర్తి ఫ్రేమ్‌వర్క్‌కు మార్చాలి. రెఫరెన్స్ తీసి పెట్టడంతో పోదు.

యాక్సెస్ ఫైలును డాట్‌నెట్ నుంచి తెరిచేవారికి ఎదురయ్యేది జెట్ 4.0 ప్రొవైడర్ నమోదు కాలేదన్న సందేశం. జెట్ 32 బిట్లలోనే ఉంది, 64 బిట్ల రూపం ఎప్పుడూ రాలేదు. ప్రాజెక్టు 'ఎనీ సీపీయూ'గా ఉంటే 64 బిట్ల విండోస్‌లో 64 బిట్లుగా నడుస్తుంది, జెట్ కనబడదు. బిల్డ్ అమరికలో ఎక్స్86 ఎంచుకుంటే చాలు. లేదంటే 64 బిట్లలో దొరికే ఏస్ ప్రొవైడర్‌కు మారాలి. ఫ్యాక్టరీల, మిల్లుల బిల్లు ప్రోగ్రాముల్లో క్రిస్టల్ రిపోర్ట్స్ ఉంటే ఇంకో మెలిక. విజువల్ స్టూడియో 2008తో వచ్చినది 10.5.3700 వెర్షన్. 2010 నుంచి క్రిస్టల్‌ను స్టూడియోతో ఇవ్వడం మానేశారు, శాప్ సంస్థ విడిగా ఇచ్చే రూపానికి అసెంబ్లీ వెర్షన్ 13.0.2000. పాత ప్రాజెక్టు పాత వెర్షన్‌నే అడుగుతుంది. రెఫరెన్స్‌లు తీసి కొత్తవి చేర్చడం ఒక దారి, పాత రన్‌టైమ్‌ను ఇన్‌స్టాల్ చేయడం మరో దారి. రిపోర్టులు పదికి మించి ఉంటే రెండోదే నయం.

జావా ల్యాబ్ రికార్డు

ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల జావా ల్యాబుల్లో చాలాకాలం ఒకే ప్రయోగం ఉండేది: కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్ఎన్ సృష్టించి, జేడీబీసీ-ఓడీబీసీ బ్రిడ్జి ద్వారా యాక్సెస్ పట్టికలోని విద్యార్థుల వివరాలు చూపించడం. డ్రైవర్ జావాతోనే వచ్చేది కనుక ఏదీ చేర్చే పని లేదు. 2014 మార్చిలో వచ్చిన జావా 8 ఆ బ్రిడ్జిని తొలగించింది. సీనియర్ల రికార్డు చూసి అదే కోడు ఎక్కించిన విద్యార్థికి క్లాస్ నాట్ ఫౌండ్ అని వస్తుంది. క్లాస్‌పాత్ ఎంత సవరించినా రాదు, ఎందుకంటే అది ఏ జార్ ఫైలులోనూ లేదు. డేటాబేస్‌ను మైస్క్యూల్‌కో పోస్ట్‌గ్రెస్‌కో మార్చి దాని డ్రైవర్ చేర్చుకోవాలి, లేదా యాక్సెస్‌నే చదవగల యూకెన్‌యాక్సెస్ వంటిది వాడాలి.

జావాలో కంపైల్ దశలో ఈ దోషం అరుదు, ఎందుకంటే జేడీబీసీ పేర్లన్నీ జావాలోనే ఉన్నాయి. డ్రైవర్ అవసరం నడిచేవేళే తెలుస్తుంది. 'నో సూటబుల్ డ్రైవర్' అన్నదానికి సాధారణంగా రెండు కారణాలు: జార్ ఫైలు క్లాస్‌పాత్‌లో లేకపోవడం, లేదా కనెక్షన్ చిరునామా మొదటి భాగంలో అక్షరదోషం. మైస్క్యూల్ డ్రైవర్ క్లాస్ పేరు 8వ వెర్షన్‌లో మారింది, మధ్యలో సీజే చేరింది. మేవెన్‌లో దాని ప్యాకేజీ పేరు కూడా 2022లో మైస్క్యూల్-కనెక్టర్-జే అయింది. ఒరాకిల్ డ్రైవర్ 2019 వరకు మేవెన్ సెంట్రల్‌లో లేకపోవడంతో, అంతకు ముందటి ప్రాజెక్టుల్లో జార్‌ను చేత్తో చేర్చుకున్న ఆనవాళ్లు ఉంటాయి. ఇతరుల కంప్యూటర్లలో అవి బిల్డ్ కాకపోవడానికి అదే కారణం.

లినక్స్, పైథాన్

ఇక్కడ సందేశాలు నిజాయితీగా ఉంటాయి. సీ ప్రోగ్రాములో మైస్క్యూల్.హెచ్ దొరకలేదంటే డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదన్నమాట, సర్వర్ ఉన్నంత మాత్రాన అది రాదు. 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' అంటే లింకర్‌కు లైబ్రరీ పేరు చెప్పలేదు, లేదా సోర్స్ ఫైలుకు ముందు చెప్పారు. వరుసలో అది చివర ఉండాలి. నడిచేవేళ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలు తెరవలేకపోతే ఎల్‌డీడీ ఆదేశం ఏది దొరకలేదో వరుసగా చూపుతుంది. పైథాన్‌లో సైకోపీజీ2 కట్టేటప్పుడు పీజీ‌కాన్ఫిగ్ లేదని వస్తే పోస్ట్‌గ్రెస్ డెవలప్‌మెంట్ ఫైళ్లు కావాలి, నేర్చుకునేవారికి బైనరీ రూపం చాలు.

వెతికే క్రమం

వేదిక ఏదైనా అనుభవజ్ఞులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. బిల్డ్ ఆగిందా, నడక ఆగిందా? ఫైలు కంప్యూటర్‌లో ఉందా? ఉంటే ప్రోగ్రాము వెతికే చోట ఉందా? బిట్లు కలిశాయా? వెర్షన్ కలిసిందా? ఆ ఫైలుకు కావలసిన ఇంకో ఫైలు ఉందా? చివరిదాన్ని మరచిపోతుంటారు. డీఎల్ఎల్ ఎదురుగా ఉన్నా విండోస్ లేదనడానికి, అది ఆధారపడిన విజువల్ సీ++ రన్‌టైమ్ లేకపోవడం తరచు కారణం. సందేశాల్లో మొదటిదాన్నే చదవాలి. ఒక్క రెఫరెన్స్ విరిగితే రెండు వందల దోషాలు రావచ్చు, మొదటిది తీరితే మిగతావి వాటంతట అవే పోతాయి.

పోయిన డీఎల్ఎల్‌ను పేరుతో వెతికి, ఉచితంగా ఇస్తామనే ఏదో ఒక చోట నుంచి దించుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏ వెర్షనో, అందులో ఇంకేం కలిపారో తెలియదు. రైతు డబ్బు లెక్క తేలే కంప్యూటర్‌లో అలాంటి ఫైలు పెట్టడం క్షమించరానిది. లైబ్రరీ తయారుచేసిన సంస్థ ఇచ్చే ఇన్‌స్టాలర్, లేదా ప్రోగ్రాము నడిచిన పాత కంప్యూటర్ డిస్కు, ఈ రెండే నమ్మదగినవి. పాత కంప్యూటర్ పోయిందంటే డిస్కు కూడా పోయినట్టు కాదు. సిస్టమ్ ఫోల్డరు నుంచి అసలు ఓసీఎక్స్ తీసుకోవడానికి ఒక యూఎస్‌బీ కేసు చాలు.

ముందుజాగ్రత్త

సోర్స్ కోడుతో పాటు అవసరాల జాబితాను కూడా ప్రాజెక్టులోనే ఉంచడం కొత్త భాషల్లో సహజమైపోయింది: మేవెన్‌కు పామ్ ఫైలు, పైథాన్‌కు రిక్వైర్‌మెంట్స్ ఫైలు, డాట్‌నెట్‌కు ప్యాకేజ్‌రెఫరెన్స్ వరుసలు. వెర్షన్ సంఖ్యను కచ్చితంగా రాయాలి, 'తాజాది' అని వదిలేస్తే ఆరు నెలల తర్వాత తాజాది వేరే అవుతుంది. జాబితా ఒక్కటే చాలదని 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ ఉదంతం చూపింది. పదకొండు వరుసల జావాస్క్రిప్ట్ లైబ్రరీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేయడంతో ప్రపంచవ్యాప్తంగా బిల్డులు కూలిపోయాయి. ప్యాకేజీల నకలును సొంతంగా దాచుకునే సంస్థలకు ఆ రోజు మామూలుగానే గడిచింది.

విజువల్ బేసిక్ 6, యాక్సెస్ కాలపు ప్రోగ్రాములకు అలాంటి ఏర్పాటు లేదు, చేత్తో చేసుకోవాలి. వీబీపీ ఫైలు నకలు, ఓసీఎక్స్ ఫైళ్లు, క్రిస్టల్ ఇన్‌స్టాలర్, విజువల్ బేసిక్ సీడీ, ఇండికేటర్ వేగం ఎంతో రాసిన కాగితం ఒక ఫోల్డరులో ఉంటే, పదేళ్ల తర్వాత వచ్చిన కుర్రాడైనా అరపూటలో కాంటాను నిలబెడతాడు. బిల్డ్ చేసే కంప్యూటర్‌ను మొత్తంగా వర్చువల్ మెషీన్‌గా దాచుకోవడం ఇంకా మేలు. 32 బిట్ల విండోస్, విజువల్ బేసిక్, అన్ని కంట్రోళ్లు, లైసెన్సులతో సహా ఒకే ఫైలు అవుతుంది. ఏ కొత్త యంత్రం మీదైనా తెరిచి, చీటీ మీద గడి చేర్చి, ఎగ్జిక్యూటబుల్‌ను కాంటా కంప్యూటర్‌కు పంపవచ్చు. వడ్ల కొనుగోళ్ల సీజన్‌లో లారీలు వరుస కట్టాక ఈ పని మొదలుపెట్టడం కుదరదు కనుక, కాంటాలు ఖాళీగా ఉండే వానాకాలం నాట్ల రోజుల్లోనే చేసిపెట్టుకోవాలి.